‘పరవాలేదు’కు బిల్లెంత?

ఒకానొక మంత్రిగారు ఒకానొక ఊళ్ళో ఉప్మా తిని, బిల్లు కట్టి, కారెక్కాక ఆలోచనలో పడ్డారు. ఉప్మా బాగోలేదు. మరి బాగోలేనిదానికి డబ్బెందుకిచ్చినట్టు? ఈ అనుమానం మామూలు మనిషికి వస్తే ఇంటికెళ్ళి కాస్త వాము నమిలి పడుకుంటాడు. మంత్రిగారికి వచ్చింది కనుక ఒక శాఖ పుట్టింది. దాని పేరు ఆహార తృప్తి పరిరక్షణ శాఖ.

శాఖ పుట్టాక ఉత్తర్వు పుట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. “భోజనానంతరం అతృప్తి చెందిన వినియోగదారుడు సదరు భోజనమునకు బిల్లు చెల్లించనవసరం లేదు” అన్నది అందులో అసలు ముక్క. మిగతా పేజీలన్నీ ‘అనంతరం’ అంటే చెయ్యి కడుక్కోకముందా, కడుక్కున్నాకా అన్న చర్చ. కడుక్కున్నాకే అని చివరికి తేల్చారు. ప్రతి హోటల్లోనూ చేతులు కడుక్కునే చోట ఒక తృప్తి పరిశీలకుడు కూర్చుంటాడు. తిన్నవాణ్ణి “భోజనం ఎలా ఉంది?” అని అడుగుతాడు. బాగుంది అంటే డబ్బు కట్టాలి. బాగోలేదు అంటే కట్టక్కర్లేదు. అంతే, ఇంకేం లేదు.

రాసినవాళ్ళు రాజధానిలో కూర్చుని రాశారు. మనిషి నోట్లో ఆ రెండు మాటలే ఉంటాయని వాళ్ళ నమ్మకం. గోదావరి కాలవ ఒడ్డున చినలాకులు అనే ఊరొకటుందనీ, ఆ ఊళ్ళో ఈ రెండు మాటలూ ఎవరూ ఎన్నడూ వాడరనీ వాళ్ళకి తెలియదు.

చినలాకుల్లో ఉన్నది ఒక్కటే మాట. పరవాలేదు. కొత్తల్లుడు ఎలాంటివాడండీ అంటే పరవాలేదు. కంటి ఆపరేషనయ్యాక చూపెలా ఉంది అంటే పరవాలేదు. వరదొచ్చి చేను మునిగింది కదా, ఏం చేస్తారు అంటే, పరవాలేదండి, గట్టు నిలబడింది. బాగుందని పైకంటే దిష్టి తగులుతుందని కొందరి భయం, అవతలివాడు నెత్తికెక్కుతాడని మరికొందరి జాగ్రత్త. బాగోలేదనడం మర్యాద కాదు. అందుకని పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా ఆ ఒక్క మాటతోనే నెట్టుకొచ్చేస్తారు. ఎవరి పరవాలేదు ఎంత పరవాలేదో వినేవాళ్ళకి తెలుస్తుంది, కాబట్టి ఇన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు.

ఆ ఊరి లాకుల పక్కన త్రిమూర్తులు భోజన హోటల్ ఉంది. హోటల్ అంటే ఒక పెంకుటింటి ముందుగది, నాలుగు బల్లలు, అరిటాకులు. త్రిమూర్తులు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. అతని భార్య భూలక్ష్మి లోపల వండుతుంది. పొలం లేదు, పుట్ర లేదు. ఆ పొయ్యి వెలిగితేనే ఆ ఇల్లు గడుస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా త్రిమూర్తులు గుండె ఎందుకంత దడదడలాడిందో తెలుస్తుంది.

ఉత్తర్వు వచ్చిన మొదటి రోజున జోగారావు అనే తృప్తి పరిశీలకుడు వచ్చి, కుళాయి పక్కన కుర్చీ వేసుకుని, మెడలో బిళ్ళ సరిచేసుకుని కూర్చున్నాడు. కుర్రాడు మంచివాడే. కొత్తగా ఉద్యోగం వచ్చింది కాబట్టి నియమాలన్నీ నమ్మేవాడు.

మొట్టమొదట చెయ్యి కడుక్కోవడానికి వచ్చింది సోమయాజులుగారు. లాకుల సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయిన దగ్గర్నుంచి మధ్యాహ్నం భోజనం ఇక్కడే. ఎవరికీ అణా బాకీ పడని మనిషి.

“భోజనం ఎలా ఉందండి?” అన్నాడు జోగారావు.

“పరవాలేదు.”

“అంటే బాగుందాండి?”

“పరవాలేదన్నాను కదటయ్యా.”

“పోనీ, బాగోలేదాండి?”

సోమయాజులుగారికి చిర్రెత్తుకొచ్చింది. “బాగోలేదని నేనెప్పుడన్నాను? లోపల ఆ తల్లి వింటే ఏమనుకుంటుంది?”

“అయితే బాగుందని రాసేసుకోనాండి?”

“అనని మాట ఎలా రాస్తావు?”

జోగారావు ఉత్తర్వు తిరగేశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఆఖర్న ఒక చోట ‘సంశయము కలిగిన సందర్భమున సొమ్ము స్వీకరించరాదు’ అని ఉంది. హమ్మయ్య అనుకున్నాడు. సోమయాజులుగారు అలవాటు ప్రకారం డబ్బు తీసి గల్లాపెట్టె మీద పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“తమరివ్వకూడదండి. ఈయన తీసుకున్నారంటే కేసవుద్దండి.”

“తిన్నవాణ్ణి నేను. వండిన తల్లి ఆవిడ. మధ్యలో నువ్వెవరివయ్యా?”

“తృప్తి శాఖండి,” అన్నాడు జోగారావు వినయంగా.

ఆ పూట వచ్చినవాళ్ళందరూ పరవాలేదనే అన్నారు. ఒక్కడు కూడా డబ్బు ఎగ్గొడదామని అనలేదు. అదే త్రిమూర్తుల్ని మరీ కుంగదీసింది. దొంగల్ని తిట్టుకోవచ్చు, పెద్దమనుషుల్ని ఏమని తిట్టుకుంటాడు?

మర్నాటి నుంచి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళందర్నీ బతిమాలడం మొదలుపెట్టాడు. “కాస్త బాగుంది అనండి బాబూ. ఒక్క మాటే కదా. మీ సొమ్మేం పోతుంది?” అందరూ దానికేం భాగ్యం అన్నారు. తిన్నారు. కుళాయి దగ్గరికి వెళ్ళారు. అక్కడ మళ్ళీ పాత మాటే వచ్చింది. ఎరువుల కొట్టు వెంకటప్పడు “బా” దాకా వచ్చి, చుట్టూ చూసి, సిగ్గుపడి, “పరవాలేదండి” అనేసి బయటపడ్డాడు. ఒక ఇటికల బట్టీ ఆసామి మాత్రం గుండె చిక్కబట్టుకుని బాగుంది అన్నాడు. అతని వెనక నిలబడ్డవాళ్ళు “ఏంట్రా, పొద్దున్నే ఏసొచ్చావా?” అని నవ్వారు. ఆ తరవాత అతను ఆ వీధిన రావడం మానేశాడు.

జోగారావు తన బాధ పైకి రాశాడు. పైవాళ్ళు సంతోషించారు. పనిలేని శాఖకి పని దొరికితే ఉండే సంతోషం అది. వెంటనే ‘పరవాలేదు అర్థనిర్ణయ ఉపసంఘం’ వేశారు. ఉపసంఘం వారు వివిధ జిల్లాల్లో పర్యటించి, దారిలో భోజనాలు చేసి, నివేదిక ఇచ్చారు. పరవా అనగా చింత, లేదు అనగా లేకపోవుట, కావున చింత లేకపోవుట అని మొదటి పేరాలో చెప్పారు. అయితే ఆ చింత లేనిది తిన్నవాడికా, వండినవాడికా, లేక ప్రభుత్వానికా అన్న విషయంలో సభ్యుల మధ్య అభిప్రాయభేదం వచ్చిందని రెండో పేరాలో చెప్పారు. మూడో పేరాలో గడువు పెంచమని కోరారు.

పెంచిన గడువులో తేల్చిందేమిటంటే, అర్థం మాటలో లేదు, స్వరంలో ఉంది. కాబట్టి రాష్ట్రంలోని తృప్తి పరిశీలకులందరికీ శిక్షణ ఇచ్చి తలా ఒక శ్రుతిపెట్టె మంజూరు చేశారు. జోగారావు జిల్లాకి వెళ్ళి, శ్రుతిపెట్టె చంకన పెట్టుకుని తిరిగొచ్చాడు. తిన్నవాడు వచ్చి నిలబడగానే పెట్టె నొక్కేవాడు. అది గుయ్యిమనేది. పై షడ్జమంలో పరవాలేదు అంటే తృప్తి. మంద్రంలో అంటే అతృప్తి. మధ్యలో అంటే మళ్ళీ సంశయమే. జలుబు చేసినవాళ్ళందరూ అతృప్తులైపోయారు. భజన సమాజం హార్మోనియం మాస్టారొకాయన శ్రుతి విని ఊరుకోలేక అక్కడే కూర్చుని కీర్తన ఎత్తుకున్నాడు. ఆ వరస తృప్తి కిందికి వస్తుందా రాదా అని జోగారావు మళ్ళీ పైకి రాశాడు.

ఈసారి పైవాళ్ళు మరింత లోతుకి దిగారు. తృప్తి అనేది ఆశని బట్టి ఉంటుంది. అందుచేత వినియోగదారుడు విస్తరి ముందు కూర్చోకముందే, తాను ఎవరి వంటతో పోల్చబోతున్నాడో నిలబడి ప్రకటించాలి. దీన్ని ‘ఆశా ప్రమాణము’ అన్నారు. జోగారావు అడిగాడు. ఒక్కొక్కరే లేచి నిలబడి చెప్పారు. అందరూ చెప్పింది ఒక్కటే: మా అమ్మ చేతి వంట.

దానికీ శాఖ వెనకాడలేదు. ‘మాతృహస్త పాక ప్రమాణము’ను సాక్ష్యంతో నిరూపించాలని తాఖీదు వచ్చింది. సాక్ష్యం ఎవరంటే ఆ అమ్మే. వెంకటప్పడు తన తల్లిని ఆటోలో తీసుకొచ్చాడు. ఆవిడ నెమ్మదిగా దిగి, కూర్చుని, పప్పు కలుపుకుని రెండు ముద్దలు తిని తలూపింది.

“ఎలా ఉందమ్మా?” అని జోగారావు పెట్టె నొక్కాడు.

“పరవాలేదు నాయనా.”

“మీ వంటకంటే మేలా అమ్మా, తక్కువా?”

“నాదీ ఒక వంటేటి? ఏదో, తినేవోళ్ళు,” అని ఆవిడ మజ్జిగ అడిగింది.

చూస్తూ ఉండగానే త్రిమూర్తులు గల్లాపెట్టె ఖాళీ అయిపోయింది. బియ్యం కొట్టువాడు మొహం చాటేశాడు. కూరగాయల మనిషి ఇంకా ఇస్తోంది గాని, ఇచ్చేటప్పుడు కళ్ళలోకి చూడటం లేదు. ఈ నెల చూసి హోటల్ మూసేద్దామనీ, బట్టల కొట్లో గుమాస్తాగా చేరదామనీ త్రిమూర్తులు మనసులో అనేసుకున్నాడు. ఆ మాట భూలక్ష్మికి ఎలా చెప్పాలో తెలియక నాలుగుసార్లు వంటగది గుమ్మందాకా వెళ్ళి వెనక్కొచ్చాడు.

భూలక్ష్మి మాత్రం ఎప్పటిలాగే వండుతూనే ఉంది. ఒకరోజు ఆవిడే అడిగింది. “ఇంతమంది ఇన్ని రకాలుగా అడుగుతున్నారు. నా వంటలో ఏదైనా లోటుందాండీ?”

“ఛ ఛ, అదేం లేదు. పరవాలేదు,” అన్నాడు త్రిమూర్తులు.

ఆవిడ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. త్రిమూర్తులికి ఎక్కడో చివుక్కుమంది. ఎందుకో ఆలోచించే తీరిక లేదు. ఆ రోజే ప్రాంతీయ తృప్తి కమిషనరు విశ్వపతిగారు స్వయంగా విచారణకి వస్తున్నారని కబురొచ్చింది.

విశ్వపతిగారు చక్కటి మనిషి. పట్టు లాల్చీ, వెండి చట్రం కళ్ళజోడు. మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. జనం పోగయ్యారు. సోమయాజులుగారు ముందు బెంచీ మీదే కూర్చున్నారు.

“సదరు హోటలునందు తృప్తి నిర్ధారణ జరగక, వ్యవహారము సుదీర్ఘముగా అపరిష్కృతమై యున్నదని మా దృష్టికి వచ్చినది,” అన్నారు విశ్వపతిగారు. “కావున మేము స్వయముగా భుజించి యథార్థమును తేల్చెదము.”

కూర్చున్నారు. ఆకు వేశారు. ఆ పూట పనసపొట్టు ఆవపెట్టిన కూర, ముద్దపప్పు, కందా బచ్చలి, మజ్జిగ పులుసు. విశ్వపతిగారు మొదట అధికారి తిన్నట్టే తిన్నారు. పనసపొట్టు దగ్గరికి వచ్చేసరికి లాల్చీ చేతులు పైకి మడిచారు. కంఠంలోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. మారు వడ్డించమన్నారు. మళ్ళీ వడ్డించమన్నారు. కంద దగ్గర కళ్ళు మూసుకున్నారు. పులుసు చేతివేళ్ళ మధ్యనుంచి మణికట్టు దాకా పోతుంటే శాఖ పరువు సైతం మర్చిపోయి నాలుకతో అందుకున్నారు. చూస్తున్న త్రిమూర్తులికి ప్రాణం లేచొచ్చింది.

విశ్వపతిగారు చెయ్యి కడుక్కున్నారు. జోగారావు నియమం తప్పని మనిషి. లేచి నిలబడి శ్రుతిపెట్టె నొక్కాడు. “భోజనం ఎలా ఉందండి?”

“పరవాలేదు,” అన్నారు విశ్వపతిగారు.

అని, నాలిక్కరుచుకున్నారు. ఆయన పుట్టింది పక్క లంకలోనేనని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. శ్రుతిపెట్టె ఒక్కటే గుయ్యిమంటోంది.

“అయ్యా, మళ్ళీ సంశయమేనాండి?” అన్నాడు జోగారావు.

విశ్వపతిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బాగుంది అంటే విచారణకి వచ్చి తృప్తి పొందాడని లంచం కేసు పెడతారు. బాగోలేదు అంటే ఎదురుగా లాల్చీ మీద పులుసు మరక ఉంది. చివరికి అనుబంధ నిబంధన ఒకటుందన్నారు. “ఇట్టి క్లిష్ట సందర్భములలో, హోటలు యజమాని స్వయముగా వినియోగదారు హోదాలో భుజించి, వంటకర్త సమక్షమున, పదిమంది యెదుట, ‘బాగుంది’ అని విస్పష్టముగా ప్రకటించవలెను. ప్రకటించినచో ఇచ్చట పలుకబడు పరవాలేదులన్నియు బాగుందులుగా పరిగణింపబడును. ప్రకటించనిచో హోటలుకు తాళము వేయబడును.”

ఓస్, ఇంతేనా అనుకున్నాడు త్రిమూర్తులు. భూలక్ష్మిని పిలిచారు. ఆవిడ గరిటె చేత్తో పట్టుకునే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. త్రిమూర్తులు విస్తరి ముందు కూర్చుని రోజూ తినే అన్నమే తిన్నాడు. లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు. భార్య వైపు తిరిగాడు.

మాట రాలేదు.

నోరు తెరిచాడు. మూశాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ చేతి అన్నం తింటున్నాడు, ఆ మాట ఒక్కసారీ అనలేదు. అనలేదన్న సంగతి కూడా ఇప్పుడే తెలిసింది. అవతల తాళం సిద్ధంగా ఉంది. ఎదురుగా ఆవిడ నిలబడి ఉంది. ఊరంతా అతని పెదాలకేసి చూస్తోంది. సోమయాజులుగారు “ఊ, అను, అను” అని పసిపిల్లాడికి చెప్పినట్టు చెబుతున్నారు.

“బాగుంది,” అన్నాడు త్రిమూర్తులు, నేల చూపులు చూస్తూ.

భూలక్ష్మి మొహం పాలిపోయింది. గబగబా దగ్గరికొచ్చింది. “ఏవండీ, ఉప్పెక్కువైందా?”

జనం ఘొల్లుమన్నారు. విశ్వపతిగారు నవ్వలేదు. “వంటకర్తయే సందేహము వెలిబుచ్చినందున, ప్రకటన చెల్లదు,” అన్నారు.

త్రిమూర్తులికి అప్పుడు వచ్చింది కోపం. ఇన్నాళ్ళుగా శాఖ మీద రాని కోపం, తన మీద తనకే వచ్చింది.

“ఉండండి బాబూ. సందేహం లేదు, గిందేహం లేదు. బాగుందండి. ఇయాళొక్కరోజే కాదండి, మా ఇంటికొచ్చిన కాణ్ణించీ బాగుంది. కొత్తలో గుత్తొంకాయ వండింది. ఆ వాసనకి నాకు మతి పోయింది. మా అమ్మ పక్కనుందని, ఏవనుకుంటాదోనని పరవాలేదన్నాను. అదే అలవాటైపోయిందండి. ఈ హోటలు నాదంటారు గానీ, నేను చేసేదేటండి, గల్లాపెట్టి కాడ కూకోడవేగా? జనం వచ్చేది ఈవిడ చేతి కోసం. సోమయాజులుగారు వర్షంలో గొడుగేసుకుని వచ్చేదీ అందుకే. నేను గడప దాటకుండా ఇక్కడే పడుండేదీ అందుకే. ఇది వినడానికి ఈవిడ ఇన్నేళ్ళు ఆగాలాండి? తాళవేసుకుంటే ఏసుకోండి. ఈ మాట మాత్రం రాసుకోండి.”

భూలక్ష్మి గరిటె ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

“తృప్తి నిర్ధారణ అయినది,” అన్నారు విశ్వపతిగారు గొంతు తగ్గించి. “ఇకపై బిల్లులు యథావిధిగా వసూలు చేసుకొనవచ్చును.”

ఆ మాట నోట్లో ఉండగానే సోమయాజులుగారు లేచి, ఇన్నాళ్ళుగా రుమాల్లో మూటకట్టి దాచిన డబ్బు గల్లాపెట్టె మీద పెట్టారు. ఆయన వెనక వెంకటప్పడు, వాడి వెనక మిగతావాళ్ళు. త్రిమూర్తులు హమ్మయ్య అని గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. హోటల్ నిలబడింది.

అయితే శాఖ అంత తేలిగ్గా వదిలిపెట్టేది కాదు. “మరొక అంశము,” అన్నారు విశ్వపతిగారు. “తమరు వినియోగదారు హోదాలో భుజించితిరి. తృప్తి చెందితిరి. తృప్తి చెందినవాడు బిల్లు చెల్లించవలెను. అంతియే కాదు, వివాహము మొదలు నేటివరకు భుజించిన సమస్త భోజనములును తృప్తికరములేనని పదిమంది యెదుట వాంగ్మూలము నిచ్చితిరి. వాటికి బిల్లు చెల్లించిన దాఖలా లేదు.”

“ఎవరికి చెల్లించాలండి? హోటలు నాదేగా.”

“తనకు తాను చెల్లించుట శాఖ అంగీకరింపదు. వండినవారికి.”

జోగారావు లెక్క మొదలుపెట్టాడు. పండగలు కలపాలా, టిఫిన్లు విడిగా వేయాలా అని అడిగాడు. త్రిమూర్తులు కుర్చీలో కూలబడ్డాడు.

“అదంతా నాకిమ్మంటారాండి?” అంది భూలక్ష్మి.

“నిబంధన ప్రకారము అంతేనమ్మా.”

“ఆయన దగ్గరెక్కడుందండి అంత డబ్బు? వద్దులెండి.” ఆవిడ తన గరిటె త్రిమూర్తులు చేతిలో పెట్టింది. కొంగుకి చేతులు తుడుచుకుంది. కిటికీ పక్కన బల్ల దగ్గర, రోజూ జనం కూర్చునే చోట, తనే ఆకు వేసుకుని కూర్చుంది. “నాకూ ఆకలేస్తోంది. వడ్డించండి.”

త్రిమూర్తులు లేచాడు. గిన్నెలు తెచ్చాడు. ఆకులో ఏది ఎక్కడ వెయ్యాలో అతనికి తెలియదు. అన్నం వెయ్యాల్సిన చోట కూర వేశాడు. సోమయాజులుగారు కళ్ళతో చెబుతుంటే సరిచేశాడు. గిన్నెల్లోంచి ఇంకా ఆవిరి లేస్తోంది. భూలక్ష్మి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా, ఎవరూ తొందరపెట్టనివాళ్ళు తిన్నట్టు తింది.

జోగారావుకి ఉద్యోగధర్మం గుర్తొచ్చింది. పెట్టె పక్కన పెట్టేసి, ఉత్త గొంతుతోనే అడిగాడు. “భోజనం ఎలా ఉందమ్మా?”

“వేడిగా ఉంది బాబూ,” అంది భూలక్ష్మి. “అందరూ తిన్నాకేగా నా భోజనం. హోటలు పెట్టాక వేడన్నం తినడం ఇదే.”

ఇది తృప్తి కింద రాయాలో, అతృప్తి కింద రాయాలో తెలియక జోగారావు పై అధికారి వైపు చూశాడు. ఆయనకీ ఇంట్లో వండేవాళ్ళున్నారు. కిటికీలోంచి కాలవకేసి చూస్తూ ఉండిపోయారు.

త్రిమూర్తులు నేతిగిన్నె పట్టుకుని భార్య పక్కన నిలబడ్డాడు. “కొంచెం వెయ్యనా?” అని అడిగాడు.

భూలక్ష్మి తలెత్తకుండా అన్నం మధ్యలో చిన్న గుంట చేసింది.